దురద ఎంతకీ తగ్గడం లేదా? చర్మంపై కనిపించే లింఫోమా గుర్తులు తెలుసుకుందాం



ఏటా ఈ సంచికలో ఒక ఆరోగ్య పాఠం ఇస్తున్నాం. ఈసారి ఇచ్చే పాఠాన్ని మేమే ఆలస్యంగా నేర్చుకున్నాం. అందుకే ముందు జరిగింది చెప్పి, ఆ తరువాత విషయంలోకి వెళ్తాం.

మా దగ్గర వైద్య సహాయం తీసుకునేవారిలో ఒక పెద్దాయన ఉండేవారు. దర్జీ పని చేసేవారు. వయసు అరవై దాటింది. అందరం చాచా అనే పిలిచేవాళ్లం. ఒకరోజు మందుల చీటీ పట్టుకొని ఆఫీసుకు వచ్చారు. ఒళ్లంతా దురద, రాత్రిళ్లు కన్ను మూతపడటం లేదన్నారు. చీటీ మీద ఎలర్జీ అని రాసి ఉంది. బిల్లు చూసి డబ్బు ఇచ్చాం. నాలుగు నెలలకు మళ్లీ వచ్చారు. అదే దురద, అవే మందులు. మళ్లీ ఇచ్చాం. "ఎలా ఉంది చాచా?" అని అడిగితే, "సూది వేయించుకుంటే పది రోజులు బాగుంటుంది బేటా, తరువాత మళ్లీ మామూలే" అన్నారు. మూడోసారి వచ్చేసరికి ముఖం ఎర్రగా ఉబ్బి ఉంది. ఎండాకాలంలోనూ శాలువా కప్పుకొని వణుకుతున్నారు. అరికాళ్లు పగిలి, మిషను తొక్కలేక పని మానేశారు.

అప్పుడు గానీ మేము పెద్దాసుపత్రి చర్మ విభాగానికి తీసుకెళ్లలేదు. అక్కడి డాక్టరమ్మ చంకలూ గజ్జలూ తడిమి చూసి, చర్మంలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మొదటి ముక్కలో ఏమీ తేలలేదు. ఆమె వదల్లేదు. రెండోసారి ముక్క తీసి, రక్త పరీక్ష కూడా చేయించాక రోగం పేరు బయటపడింది: సెజరీ సిండ్రోమ్. చర్మంలోనూ రక్తంలోనూ కనిపించే అరుదైన, వేగంగా ముదిరే లింఫోమా. చికిత్స మొదలైంది. కొంతకాలం దురద తగ్గింది, నిద్ర పట్టింది. కానీ ఏడాది తిరిగేలోపు చర్మం పగుళ్ల గుండా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, చాచా మనల్ని విడిచి వెళ్లారు.

మేము మూడుసార్లు బిల్లులు కట్టాం. ఇన్ని నెలలైనా ఎందుకు తగ్గడం లేదని ఒక్కసారి కూడా అడగలేదు. మొదటిసారే అడిగి ఉంటే చాచా బతికేవారని చెప్పలేం. కానీ నిద్ర లేని ఆ నెలలు తగ్గేవి, చికిత్సకు మరికొంత సమయం దొరికేది. ఆ ప్రశ్న అడగడం మీకూ మాకూ అలవాటు కావాలనే ఈ పాఠం.

చర్మానికి లింఫోమా ఏమిటి?

లింఫోమా అంటే మెడలోనో చంకల్లోనో బిళ్లలు కట్టే క్యాన్సర్ అని చాలామందికి తెలుసు. మన ఒంట్లో రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల్లో లింఫోసైట్లు ఒక రకం. అవి అదుపు తప్పి పెరగడమే లింఫోమా. ఈ లింఫోసైట్లలో టి-కణాలు అనేవి కొన్ని ఉంటాయి. వాటిలో కొన్ని చర్మానికి కాపలా కాస్తూ అక్కడే తిరుగుతుంటాయి. ఆ కాపలా కణాలే చెడిపోతే క్యాన్సర్ మొదటి గుర్తులు చర్మం మీదే కనిపిస్తాయి. మచ్చలు, పొలుసులు, దురద చూసి క్యాన్సర్ అని ఎవరికి అనుమానం వస్తుంది? చిక్కంతా అక్కడే ఉంది.

ఈ కుటుంబంలో ఎక్కువగా కనిపించేది మైకోసిస్ ఫంగాయిడిస్. దీన్ని 1806లో ఫ్రాన్సుకు చెందిన అలీబర్ అనే వైద్యుడు వర్ణించారు. ముదిరిన రోగి ఒంటి మీద గడ్డలు పుట్టగొడుగుల్లా కనిపించడంతో ఆ పేరు వచ్చింది. పేరులో ఫంగస్ మాట వినిపించినా ఇది ఫంగస్ వల్ల వచ్చే జబ్బు కాదు. అయినా తామర అనుకొని నెలల తరబడి ఫంగస్ మందులు వాడేవారు ఈనాటికీ ఉన్నారు.

దీనికి దగ్గరి బంధువు సెజరీ సిండ్రోమ్. 1938లో ఆల్బర్ సెజరీ అనే ఫ్రెంచి చర్మవైద్యుడు తన సహచరుడు బూవ్రెయిన్‌తో కలిసి, ఒళ్లంతా ఎర్రబారిన రోగుల రక్తంలో వింత కణాలు ఉన్నాయని గుర్తించారు. సూక్ష్మదర్శినిలో ఆ కణాల కేంద్రకం మెదడు ముడతల్లా మడతలు పడి కనిపిస్తుంది. చర్మపు టి-కణ లింఫోమాల్లో సెజరీ వాటా చాలా తక్కువ, నూటికి ఐదులోపే. ఎక్కువగా అరవై దాటినవారికి వస్తుంది.

ఈ రెండింటి నడకలో తేడా ఉంది. మైకోసిస్ ఫంగాయిడిస్ సాధారణంగా నెమ్మదిగా, ఏళ్ల తరబడి సాగుతుంది. కొద్దిపాటి మచ్చలతో ఉన్న తొలి దశలోనే గుర్తిస్తే, చాలామంది మిగతా జనంలాగే నిండు ఆయుష్షు గడుపుతారు. సెజరీ అలా ఆగదు. అది బయటపడేసరికే చర్మంలో, రక్తంలో, తరచుగా లింఫ్ గ్రంథుల్లో కూడా ఉంటుంది.

ఇవి అంటువ్యాధులు కావు. పక్కన కూర్చుంటే, ఒకే పళ్లెంలో తింటే, కరచాలనం చేస్తే రావు. రోగిని దూరం పెట్టవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

ఏ గుర్తులు చూడాలి?

మొదటిది, కప్పి ఉంచే చోట మచ్చలు. మైకోసిస్ ఫంగాయిడిస్ మచ్చలు ఎండ తగలని చోట్ల ఎక్కువగా వస్తాయి. పిరుదులు, నడుము, తొడల పైభాగం, చంకలు, రొమ్ముల కింద. ఒక్క మాటలో చెప్పాలంటే నిక్కరు కప్పే భాగం, దాని చుట్టుపక్కల. మచ్చ మీద సన్నని పొలుసు ఉండవచ్చు. కొన్నిచోట్ల చర్మం పలచబడి ఉల్లిపొరలా ముడతలు పడుతుంది. ఒక్కో మచ్చ ఒక్కో ఆకారంలో, ఒక్కో రంగులో ఉంటుంది. ఒకచోట తగ్గినట్టే తగ్గి ఇంకోచోట వస్తుంది.

రెండోది, మచ్చ మందం కావడం. చదునుగా ఉన్న మచ్చ కొంతకాలానికి ఉబ్బి, చేతికి గట్టిగా తగలవచ్చు. తరువాతి దశలో గడ్డలు లేస్తాయి, కొన్ని చితికి పుండ్లవుతాయి. అన్ని మచ్చలూ ఇలా ముదరవు. కానీ చదును మచ్చ మందమైందంటే ఇక ఆలస్యం చేయకూడదు.

మూడోది, ఒళ్లంతా ఎర్రబారడం. ఇది సెజరీకి ముఖ్యమైన గుర్తు. శరీరంలో నూటికి 80 వంతులకు పైగా చర్మం ఎర్రబడి, వేడిగా ఉండి, పొట్టు రాలుతుంది. పొద్దున లేచేసరికి పక్క మీద పిండి చల్లినట్టు పొట్టు కనిపిస్తుంది. వేళ్లతో కలిపి మన అరచేయి మన ఒంటి చర్మంలో సుమారు నూటికి ఒక వంతు. ఆ కొలతతో ఇంట్లోనే ఉజ్జాయింపుగా లెక్క వేసుకోవచ్చు. మరో సంగతి గుర్తుంచుకోవాలి. పుస్తకాల్లో ఎరుపు అని రాసేది తెల్లవారి చర్మం చూసి రాసినది. మన చామనఛాయ, నలుపు చర్మం మీద అది రాగి రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో, నల్లబడినట్టో కనిపించవచ్చు.

నాలుగోది, నిద్ర పోనివ్వని దురద. మామూలు ఎలర్జీ మాత్రలకు లొంగదు. గోకి గోకి చర్మం దళసరి అవుతుంది, పుండ్లు పడతాయి.

ఐదోది, అరచేతులూ అరికాళ్లూ. చర్మం మందమై, పగిలి, నడవడానికీ పని చేయడానికీ కష్టమవుతుంది. గోళ్లు మందమవుతాయి. తల మీద, కనుబొమల దగ్గర వెంట్రుకలు రాలవచ్చు. కొందరిలో కింది కనురెప్ప బయటికి తిరిగి, కళ్ల నుంచి నీళ్లు కారతాయి.

ఆరోది, బిళ్లలు. మెడలో, చంకల్లో, గజ్జల్లో గ్రంథులు వాచి చేతికి తగులుతాయి. వాటితోపాటు చలి, వణుకు, కాళ్ల వాపు, బరువు తగ్గడం ఉండవచ్చు. ఒళ్లంతా ఎర్రబడితే చర్మం ఒంటి వేడిని నిలుపుకోలేదు. ఎండాకాలంలో చాచా వణికింది అందుకే.

దీన్ని పోలిన జబ్బులు

ఇది చదివి ప్రతి దురదకూ భయపడవద్దు. ఈ లింఫోమాలు చాలా అరుదు. మచ్చలకూ దురదకూ వందల్లో ఒకరికైనా ఇది కారణం కాదు. తామర, గజ్జి, ఎగ్జిమా, సోరియాసిస్ మన వీధుల్లో ఎక్కడ చూసినా ఉన్నాయి. ఒళ్లంతా ఎర్రబడటానికి కూడా ఎక్కువసార్లు సోరియాసిస్, ఎగ్జిమా, పడని మందు కారణమవుతాయి. ఫిట్స్‌కు, యూరిక్ యాసిడ్‌కు వాడే కొన్ని మాత్రలు పడనివారికి అలా జరుగుతుంది. అందుకే ఈ మధ్య కొత్తగా వాడిన మందులన్నిటి పేర్లూ డాక్టరుకు చెప్పాలి.

తామర మచ్చకు అంచు ఉబ్బెత్తుగా, మధ్య భాగం కొంత మామూలుగా ఉంటుంది. కొంచెం పొలుసు గీకి చూసే చిన్న పరీక్షతో ఫంగస్ ఉందో లేదో తెలుస్తుంది.

పిల్లల్లో, యువతలో, ముఖ్యంగా మనలాంటి రంగున్నవారిలో మైకోసిస్ ఫంగాయిడిస్ పాలిపోయిన మచ్చలుగా రావచ్చు. ఇంట్లోవాళ్లు బొల్లి అనుకుంటారు, కుష్ఠు అని భయపడి దాచిపెడతారు. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది, నరాలు ఉబ్బవచ్చు. లింఫోమా మచ్చ మీద స్పర్శ మామూలుగానే ఉంటుంది. ఏదైనా దాచిపెట్టడం వల్ల మేలు లేదు. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. లింఫోమా పాల మచ్చలైతే ఎక్కువగా నెమ్మదిగా సాగే రకమే, చికిత్సకు బాగా లొంగుతుంది.

ఎందుకు ఆలస్యమవుతోంది?

మొదటి కారణం స్టెరాయిడ్ పూతలు, సూదులు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కలగలుపు ఆయింట్‌మెంట్లలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది రాస్తే తామరా తగ్గినట్టుంటుంది, ఎగ్జిమా తగ్గుతుంది, లింఫోమా మచ్చ కూడా కొంతకాలం మాసిపోతుంది. ఆపగానే తిరిగి వస్తుంది. ఈ వాడకం అదుపు చేయడానికే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. అయినా చీటీ లేకుండా తెచ్చుకునే అలవాటు మనలో పోలేదు.

రెండో కారణం సిగ్గు. మచ్చలు వచ్చేది కప్పి ఉంచే చోట. మన ఇళ్లలో అమ్మీలు, నానీలు డాక్టరు దగ్గరికి వెళ్లినా చేతి మీద ఉన్న ఒక్క మచ్చే చూపి వస్తారు. మగవాళ్లూ ఇందుకు తక్కువేమీ కాదు. వైద్యం అవసరమైనప్పుడు ఆ భాగాన్ని డాక్టరుకు చూపడంలో తప్పు లేదని ఉలమాలు చెబుతూనే ఉన్నారు. మహిళలు మహిళా డాక్టరును అడగవచ్చు, ఇంట్లో ఆడవారిని తోడు తీసుకెళ్లవచ్చు. చూపనిది మాత్రం ఏ డాక్టరూ గుర్తించలేరు.

మూడో కారణం, ఒక్క పరీక్షతో వదిలేయడం. తొలిదశలో చెడ్డ కణాలు కొద్దిగానే ఉంటాయి, ఎగ్జిమాలో కనిపించే కణాలతో కలిసిపోతాయి. మొదటి బయాప్సీలో తేలకపోవడం ఈ జబ్బులో మామూలే. ఏమీ లేదని రిపోర్టు వచ్చినా జబ్బు తగ్గకపోతే మళ్లీ ముక్క తీయవలసి ఉంటుంది, ఒక్కోసారి రెండు మూడు చోట్ల నుంచి. ఆ సంగతి తెలియక జనం విసిగి డాక్టరును మారుస్తారు. కొత్త డాక్టరు దగ్గర కథ మొదటి నుంచి మొదలవుతుంది.

నిర్ధారణ ఎలా జరుగుతుంది?

చర్మానికి మత్తు సూది వేసి, కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. ఒకటి రెండు కుట్లు పడతాయి. అదేరోజు ఇంటికి రావచ్చు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది అపోహ. పరీక్షకు కొన్ని వారాల ముందు నుంచి స్టెరాయిడ్ పూతలు ఆపమని డాక్టరు చెప్పవచ్చు. వాటిని వాడుతుంటే గుర్తులు మరుగున పడతాయి. కాబట్టి ఏమేం రాశారో, ఏ సూదులు వేయించుకున్నారో దాచకుండా చెప్పాలి. మాత్రలూ సూదులూ మాత్రం డాక్టరును అడగకుండా సొంతంగా ఆపకూడదు.

ఆ ముక్కను పాథాలజీ డాక్టరు చూస్తారు. అనుమానం ఉంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే ప్రత్యేక రంగుల పరీక్ష చేసి, అవి ఏ రకం టి-కణాలో తేలుస్తారు. ఒళ్లంతా ఎర్రబడినవారికి రక్తంలో ఫ్లో సైటోమెట్రీ చేస్తారు. ఒక మైక్రోలీటరు రక్తంలో 1,000 లేదా అంతకు మించి సెజరీ కణాలుంటే, చర్మం గుర్తులూ జన్యు పరీక్షా కలిపి చూసి సెజరీ అని నిర్ధారిస్తారు. గ్రంథులు వాచి ఉంటే వాటినీ పరీక్షిస్తారు, స్కాన్ తీస్తారు.

చికిత్స ఉందా?

ఉంది. తొలిదశలో డాక్టరు పర్యవేక్షణలో పూత మందులు, అతినీలలోహిత కిరణాల చికిత్స సరిపోతాయి. మందమైన మచ్చలకు, గడ్డలకు రేడియేషన్ బాగా పనిచేస్తుంది. సెజరీకి మాత్రలు, ఇంటర్ఫెరాన్ సూదులు వాడతారు. రక్తాన్ని బయటికి తీసి, తెల్లకణాలకు కాంతి చికిత్స ఇచ్చి తిరిగి ఎక్కించే ఫోటోఫెరెసిస్ పద్ధతి కూడా ఉంది. మోగాములిజుమాబ్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. కొందరికి దాత మూలకణాల మార్పిడి చేస్తారు. వీటిలో కొన్ని చాలా ఖరీదైనవి, అన్నిచోట్లా దొరకవు. అందువల్ల క్యాన్సర్ డాక్టరు, చర్మవైద్యుడు కలిసి చూసే పెద్దాసుపత్రికి త్వరగా చేరడం ముఖ్యం.

ఇంట్లో చేయదగింది కూడా ఉంది. చర్మం పగిలితే క్రిములకు దారి దొరుకుతుంది. ఈ రోగుల ప్రాణాలు తీసేవాటిలో ఇన్ఫెక్షన్ ముఖ్యమైనది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించాలి, ఘాటైన సబ్బులు మానాలి. స్నానం తరువాత, వుజూ తరువాత తడి పూర్తిగా ఆరకముందే వాజిలైన్ లాంటిది రాయాలి. గోళ్లు కత్తిరించి ఉంచాలి. మెత్తని నూలు బట్టలు వేయాలి. జ్వరం వచ్చినా, పుండు నుంచి చీము కారినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దాం అనుకోవద్దు.

దాతలకు మా విన్నపం

చాచా తరువాత మేము పద్ధతి మార్చుకున్నాం. చర్మ జబ్బుకు సహాయం కోరి వచ్చిన ప్రతివారినీ మా కార్యకర్తలు ఇప్పుడు ఐదు ప్రశ్నలు అడుగుతున్నారు. ఎన్ని నెలల నుంచి ఉంది? మందు ఆపగానే తిరిగి వస్తోందా? కప్పి ఉంచే చోట కూడా ఉందా? దురదకు నిద్ర పడుతోందా? ఎక్కడైనా బిళ్లలు తగులుతున్నాయా? మహిళలను మహిళా కార్యకర్తలే అడుగుతారు. మూడు నెలలు సరైన మందు వాడినా తగ్గకపోతే, లేదా ఒళ్లంతా ఎర్రబడితే, మందుల బిల్లుతోపాటు చర్మవైద్యుని దగ్గరికి వెళ్లే ఏర్పాటు కూడా చేస్తున్నాం. ఒళ్లంతా ఎర్రబడినవారి విషయంలో మూడు నెలలు ఆగడం లేదు, ఆ వారంలోనే పంపుతున్నాం.

క్యాన్సర్ అని తేలిన తరువాత ఆదుకునే ప్రభుత్వ పథకాలు ఉన్నాయి, పెద్ద మనసున్న దాతలూ ఉన్నారు. తేలేదాకా నడిచే దారిలోనే పేదవాడు ఒంటరి. బస్సు చార్జీలు, పోయిన కూలి, రెండోసారి బయాప్సీ, ప్రత్యేక రంగుల పరీక్ష, వీటికి చేతిలో డబ్బు లేక సగంలో ఆగిపోతాడు. మీరిచ్చే సొమ్ములో కొంత భాగాన్ని ఈ తేల్చే ఖర్చుకు కేటాయించడానికి మీ అనుమతి కోరుతున్నాం. అందులో ఎక్కువమందికి సోరియాసిస్ అనో, ఎగ్జిమా అనో తేలుతుంది. అది వృథా కాదు. వారికీ సరైన మందు అప్పుడే మొదలవుతుంది.

డబ్బుకు మించి మీరు చేయగలిగిన సాయం మరొకటి ఉంది. మీ దుకాణంలో పనిచేసే కుర్రాడు, మీ ఇంటికి వచ్చే పనిమనిషి, మస్జిదులో మీ పక్కన నిలబడే పెద్దాయన నెలల తరబడి గోక్కుంటూ కనిపిస్తే, చులకన చేయకుండా పక్కకు పిలిచి ఎన్నాళ్ల నుంచి అని అడగండి. డాక్టరుకు ఒళ్లంతా చూపించారా అని అడగండి. వీలైతే తోడు వెళ్లండి.

చాచా మిషను ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. ఈ వ్యాసంలో తండ్రి సంగతి రాయడానికి ఒప్పుకున్నదీ అతనే. "ఇంకొకరి ఇంట్లోనైనా ముందే తెలిస్తే చాలు" అన్నాడు. అల్లాహ్ చాచాను కరుణించుగాక. రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.